పన్నెండు వోల్టులే కదా అనుకోకండి!

మా అక్కావాళ్లది జమ్మలమడుగు అవతల నల్లరేగడి చేను. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో, చేలోనే రెండు గదుల బండల మిద్దె వేసుకున్నారు. శనగ కోతలప్పుడు, జొన్నకు కాపలా ఉన్నప్పుడు నెలల తరబడి కాపురం అక్కడే. కరెంటు స్తంభాలు మాత్రం అక్కడిదాకా రాలేదు. చిత్రం ఏమిటంటే, అక్కడికి దగ్గర్లోనే మైలవరం మండలంలో పెద్ద సోలార్ పార్కు ఉంది. ఇటు కర్నూలు వైపు వస్తే ఓర్వకల్లు పక్కన గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల పార్కు. ఒకేచోట అంత పెద్దది ప్రపంచంలోనే అరుదని అప్పట్లో పేపర్ల నిండా రాశారు. "ఈ ఎండనంతా పట్టుకోని ఎక్కడెక్కడికో పంపిస్తాండారు. మా ఇంట్లో మాత్రం బుడ్డిదీపమే" అని అక్క ఎప్పుడూ దెప్పుతుండేది.

ఆ దెప్పులు పడలేక బావ మూడేళ్ల కిందట 100 వాట్ల ప్యానెల్, బ్యాటరీ కొన్నాడు. ప్యానెల్ కోసం నాలుగు షాపులు తిరిగాడు. బ్యాటరీకి గ్యారంటీ ఎన్నేళ్లో గుచ్చి గుచ్చి అడిగాడు. వైరు సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. బిగించడానికి వచ్చినాయన సంచిలో ఏదో పెళ్లి పందిరికి వాడగా మిగిలిన ఎరుపూ పచ్చా మెలి వైరు చుట్ట ఉంది. అదే లాగేశాడు.

"ఈ తీగె మరీ సన్నగా ఉండాదే, నాయనా?" అని అక్క అడగనే అడిగింది.

"ఏంగాదులేమ్మా. పన్నెండు వోల్టులేగదా! చేత్తో పట్టుకున్నా షాక్ కొట్టదు" అన్నాడాయన.

ఆయన అన్నది అబద్ధం కాదు. పన్నెండు వోల్టులు షాక్ కొట్టవు. కానీ ఏడాది తిరగకుండానే ఓ సాయంత్రం ఆ మిద్దెలో రెండు శనగ బస్తాలు, కిటికీ తెర కాలిపోయాయి. బ్యాటరీ తలుపు పక్కనే ఉండేది. వైరు తలుపు సందులోంచి వెళ్లేది. రోజుకు ఇరవైసార్లు తలుపు వేసీ తీసీ పైతొడుగు అరిగిపోయింది. రెండు తీగలూ ఒకదానికొకటి తగిలాయి. అంతే, బ్యాటరీ నుంచి తలుపు దాకా ఉన్న వైరు కొలిమిలో కడ్డీలా ఎర్రబడింది. పైతొడుగు మండుతూ చుక్కలు చుక్కలుగా గోనెసంచుల మీద పడింది. మనవడు ఆ పక్క గదిలో చాప మీద నిద్రపోతున్నాడు. అక్క వాణ్ని ఎత్తుకుని బయట చెట్టు కింద పడుకోబెట్టి తిరిగి వచ్చేలోపు వైరు దానంతటదే కరిగి తెగిపోయింది. ఆమె బిందెతో నీళ్లు కుమ్మరించి బస్తాలు ఆర్పింది.

ఆ రాత్రి ఫోన్ చేసి అక్క అడిగిన ప్రశ్న ఒక్కటే. "షాకే కొట్టని కరెంటు ఇల్లెట్ల కాలుస్తాది?"

చదువుకున్నదాన్ని కదా, నాకైనా వెంటనే జవాబు తోచలేదు. తర్వాత తెలిసినవాళ్లను అడిగి, చదివి నేర్చుకున్నదే ఇదంతా. చేను దగ్గర కొట్టానికో, గొర్రెల దొడ్డికో, మిద్దె మీద గదికో చిన్న సోలార్ పెట్టుకుందామని మీ ఇంట్లోనూ అనుకుంటూ ఉంటే, ప్యానెల్ బేరం ఆడేముందు ఇది చదవండి.

షాక్ వేరు, నిప్పు వేరు

షాక్ కొట్టేదీ లేనిదీ ముఖ్యంగా వోల్టేజీని బట్టి ఉంటుంది. పన్నెండు వోల్టులకు పొడి చర్మాన్ని దాటి ఒంట్లోకి చేరేంత బలం ఉండదు. నిప్పు పుట్టించేది మాత్రం తీగలో పారే ఆంపియర్లు. ఆ విషయంలో బ్యాటరీ ఇంటి కరెంటుకు ఏమాత్రం తీసిపోదు. దాని రెండు మొనల్నీ లావుపాటి తీగతో నేరుగా కలిపితే ఒక్కసారిగా వందల ఆంపియర్లు తోసేస్తుంది. లారీ మెకానిక్కులను అడిగి చూడండి. స్పానరు పొరపాటున రెండు మొనలకూ తగిలి అతుక్కుపోయిన కథ ఏ షెడ్డులోనైనా వినిపిస్తుంది.

ఇంకో సంగతి ఉంది. అక్కావాళ్ల ఇంట్లో వాడేది 30 వాట్ల డి.సి. ఫ్యాను, 9 వాట్ల ఎల్.ఈ.డి. బల్బులు రెండు, సెల్‌ఫోన్ చార్జింగుకు ఓ పది వాట్లు. అన్నీ కలిపి 58 వాట్లు. ఇవే వాట్లు మన ఇళ్లలో 230 వోల్టుల మీద నడిస్తే తీగలో పారేది పావు ఆంపియరు. పన్నెండు వోల్టుల మీద నడవాలంటే దాదాపు 5 ఆంపియర్లు పారాలి. సుమారు ఇరవై రెట్లు! వోల్టేజీ తక్కువ కాబట్టి సన్న తీగ చాలుననుకోవడం సరిగ్గా తలకిందుల లెక్క. వోల్టేజీ తగ్గేకొద్దీ తీగ లావు కావాలి.

వైరింగు పనిలో ముప్పై ఏళ్లు పండినవాళ్లు కూడా ఇక్కడే తప్పటడుగు వేస్తున్నారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. వాళ్లు నేర్చుకున్నది 230 వోల్టుల పని.

అడగడానికి ఎవరూ రారు

2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం గురించి మీరు వినే ఉంటారు. అందులో మిద్దెల మీద పెట్టేవి కరెంటు లైనుతో కలిపినవి. సబ్సిడీ, మీటరు ఉంటాయి కాబట్టి కరెంటు ఆఫీసు నుంచి వచ్చి చూస్తారు. మనం మాట్లాడుకుంటున్నది లైనుతో పనిలేని చిన్న ఏర్పాటు. ప్యానెల్, కంట్రోలర్, బ్యాటరీ, నాలుగు బల్బులు. దీన్ని తనిఖీ చేయడానికి ఎవరూ గడప తొక్కరు. పగలంతా ఆ ఇంట్లో ఉండే ఇల్లాలే ఇన్‌స్పెక్టరు. కాబట్టి పనివాడు వచ్చిన రోజు వంటింట్లోకి వెళ్లిపోకండి. కాఫీ తర్వాత పెట్టొచ్చు, ముందు పక్కన నిలబడండి.

కె.సి. కాలువ లెక్క

తీగలో కరెంటు తగ్గిపోవడమేమిటో అక్కకు నేను కె.సి. కాలువ పేరు చెప్పి వివరించాను. మన కర్నూలు, కడపవాళ్లకు ఇంతకంటే సులువైన పోలిక దొరకదు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరిన నీళ్లు కడప దాకా రావాలి. కాలువ నిండుగా, వెడల్పుగా ఉంటే చివరి ఆయకట్టు దాకా చేరతాయి. పూడిపోయి సన్నబడితే పైవాళ్లకే సరి, చివరి రైతు ఆకాశం వైపు చూడాల్సిందే. తీగా అంతే. బ్యాటరీ దగ్గర పన్నెండు వోల్టులు ఉన్నా ఫ్యాను దగ్గరికి ఎన్ని చేరతాయనేది తీగ లావు, పొడవు మీద ఉంటుంది.

ఇప్పుడు అంకెలు చూడండి. బ్యాటరీకీ ఫ్యానుకూ మధ్య 10 మీటర్లు ఉందనుకోండి. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి, కాబట్టి లెక్కకు 20 మీటర్ల రాగి తీగ. అందులో 5 ఆంపియర్లు పారితే, ఒక చదరపు మిల్లీమీటరు తీగలో 1.7 వోల్టులు దారిలోనే పోతాయి. ఫ్యాను దగ్గర మిగిలేది పదికి కాస్త పైన. రెండున్నర తీగలో పోయేది 0.7 వోల్టు. నాలుగు తీగలో 0.4 పైచిలుకు. అక్కావాళ్లింట్లో వేసిన మెలి వైరు అర చదరపు మిల్లీమీటరు కూడా ఉండదు. అందులో పోయేది దాదాపు మూడున్నర వోల్టులు! పాపం, ఏడాది పొడుగునా ఫ్యాను నీరసంగా తిరుగుతుంటే 'ప్యానెల్ మోసం' అని షాపువాణ్ని తిట్టుకున్నారు.

దారిలో పోయిన కరెంటు ఎక్కడికీ పోదు, వేడిగా మారి తీగలోనే ఉంటుంది. ఒక మిల్లీమీటరు తీగ అయితే బ్యాటరీ ఇచ్చేదాంట్లో ఏడో వంతు ఇలా వేడి కిందే ఖర్చు. పైసా పైసా కూడబెట్టి ప్యానెల్ కొని, ఎండను పట్టి, చివరికి తీగను వెచ్చబెట్టుకోవడానికి వాడుతున్నామన్నమాట.

పన్నెండు వోల్టుల ఇంట్లో ఫ్యాను దాకా వెళ్లే ప్రధాన లైనుకు నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ, ఒక్కో బల్బుకు విడిపోయే చోట ఒకటిన్నర తీగ వేయమని అడగండి. దూరం 5 మీటర్లకు మించకపోతే ప్రధాన లైనుకు రెండున్నర సరిపోతుంది. షాపులో 'టూ పాయింట్ ఫైవ్ ఎంఎం', 'ఫోర్ ఎంఎం' అంటే ఇస్తారు. చదరపు మిల్లీమీటర్లనే వాళ్లు అలా పిలుస్తారు. దూరం మరీ ఎక్కువైతే లావు తీగ కొనేకంటే బ్యాటరీనే ఇంటి మధ్యకు జరపడం చవక. ఇంకా పెద్ద ఏర్పాటు అనుకుంటే మొదటే 24 వోల్టులకు వెళ్లండి. అవే వాట్లకు ఆంపియర్లు సగమవుతాయి.

బంగారానికి గీటురాయి, వైరుకు చాకు

రాగి తీగే కొనాలని అందరికీ తెలుసు. అయితే పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న తీగలు రాగి పేరుతోనే అమ్ముడుపోతున్నాయి. చూడటానికి తేడా తెలీదు. ఒక పోగును చాకుతో గీరి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియమే. అదే సైజు అసలు రాగి చుట్టతో పోలిస్తే చేతిలో తేలిగ్గానూ ఉంటుంది. అల్యూమినియం రాగి అంత బాగా కరెంటును మోయదు, స్క్రూల కింద నలిగి వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది. నగల షాపులో గీటురాయి మీద గీయించకుండా గ్రాము బంగారం కొనని మనం, ఇల్లు కాల్చగలిగే తీగను అట్టపెట్టె మీది బొమ్మ చూసి కొనేయడం ఏం న్యాయం?

ఇంటి లోపలికి వాడే మామూలు పి.వి.సి. వైరు మీద ఐ.ఎస్.ఐ. ముద్ర, ఐ.ఎస్. 694 అనే అంకె ఉండాలి. తీగ పొడవునా అచ్చు వేసి ఉంటుంది, చత్వారం ఉంటే అద్దాలు పెట్టుకుని చదవండి. మిద్దె మీది ప్యానెల్ నుంచి కిందికి దిగే వైరు మాత్రం ఇది కాకూడదు. దానికి సోలార్ కేబుల్ అనే వేరే రకం ఉంది. తగరం పూసిన రాగి పోగులు, ఎండకు పగలని రెండు పొరల తొడుగు. దాని మీద ఐ.ఎస్. 17293 అని ఉంటుంది. మామూలు వైరు తొడుగు 70 డిగ్రీల దాకా తట్టుకుంటుందని లెక్క. ఏప్రిల్, మే నెలల్లో మనకు నీడలోనే 40 డిగ్రీలు దాటుతాయి. మిట్టమధ్యాహ్నం మిద్దె బండల మీద చెప్పుల్లేకుండా నడిచినవాళ్లకు అక్కడి వేడి ఎంతో నేను చెప్పనక్కర్లేదు. ఆ బండ మీద పడుకోబెట్టిన మామూలు వైరు కొన్నేళ్లకే ఎండిన చింతకాయ పెంకులా పెళుసుబారి విరుగుతుంది. వేడికి రాగి కూడా కరెంటును కొంచెం ఎక్కువగా అడ్డుకుంటుంది. అందుకే మన ప్రాంతంలో ఒక సైజు పైదే తీసుకోవడం మంచిది.

సోలార్ కేబులైనా సరే బండకు తగలకుండా క్లిప్పులతో కాస్త ఎత్తున బిగించండి. గోడ లోపలికి వచ్చేముందు కిందికి ఓ వంపు ఇవ్వమనండి. వాన నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, తీగ వెంట ఇంట్లోకి రావు. వెలుగు కోసం మిద్దెకు పెట్టిన గవాచిలోంచి దింపేవాళ్లు దాని అంచుకు రాపిడి లేకుండా పైపు ముక్క తొడగాలి. ఎలుకలు, ఉడుతలు తిరిగే చోట మొత్తం పైపులోనే రావాలి. తలుపు, కిటికీ సందుల్లోంచి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఎర్రది, నీలిది, పసుపుది

అక్కావాళ్ల ఇంట్లో తీగ సన్నదే కానివ్వండి, తలుపు నలిపేయనివ్వండి, ఒక్క ఫ్యూజు ఉండి ఉంటే ఆ రోజు 'టక్' మని అది పోయేది, బల్బులు ఆరిపోయేవి, అంతటితో సరి. శనగలు మిగిలేవి. అది పది, ఇరవై రూపాయల వస్తువు!

ఫ్యూజు ఫ్యానును కాపాడటానికి అనుకుంటారు చాలామంది. కాదు, తీగను కాపాడటానికి. అందుకే అది ఫ్యాను దగ్గర కాదు, బ్యాటరీ ప్లస్ మొనకు జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్య ఉన్న తీగకు రక్షణ లేదు, ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది.

కార్లలో వాడే చిన్న రెక్కల ఫ్యూజులు దీనికి చక్కగా సరిపోతాయి. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప, ఎక్కడైనా ఆటో ఎలక్ట్రికల్ షాపులో అడగండి, తొడుగుతో సహా ఇస్తారు. రంగును బట్టి గుర్తుపట్టొచ్చు. ఎర్రది 10 ఆంపియర్లు, నీలిది 15, పసుపుది 20, పచ్చది 30. ఐదు ఆంపియర్ల వాడకానికి ఎర్రది చాలు. బల్బులకు విడిపోయే ఒకటిన్నర తీగలనూ అది కాపాడుతుంది. తీగ ఎంత మోయగలదో అంతకు మించిన ఫ్యూజు పెట్టకూడదు. ఒకటిన్నర తీగకు ఎర్రది, రెండున్నరకు నీలిది, నాలుగుకు పసుపుది దాటొద్దు. ఇంట్లో ఏ తీగ అన్నిటికంటే సన్నదో దాన్ని బట్టే ఫ్యూజు. 'మాటిమాటికీ పోతోంది' అని పెద్దది పెట్టడం, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుట్టడం... కుక్క మొరుగుతోందని దాని మూతి కట్టేసి నిద్రపోవడమే.

ప్యానెల్‌కూ కంట్రోలర్‌కూ మధ్య ఆపడానికి ఓ స్విచ్చో బ్రేకరో ఉండాలి. అది డి.సి. రకం కావాలి, దాని మీద డి.సి. వోల్టులు ఎన్నో రాసి ఉంటుంది. మన ఇళ్లలో వచ్చే ఏ.సి. కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి పోతుంది. స్విచ్చి ఆపినప్పుడు వచ్చే నిప్పురవ్వ ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. డి.సి.కి ఆ విశ్రాంతి లేదు, రవ్వ సాగుతూనే ఉంటుంది. ఒక్క పన్నెండు వోల్టుల ప్యానెల్ అయితే స్విచ్చి మొనలు మాడటంతో పోతుందేమో కానీ, రెండు మూడు పెద్ద ప్యానెళ్లు వరసగా కలిపితే వోల్టేజీ 60 దాటిపోతుంది. అప్పుడు షాకూ ఉంది, ఆరని మంటా ఉంది. కరెంటు పారుతుండగా ప్యానెల్ ప్లగ్గులు ఊడబీకకూడదనేది కూడా అందుకే.

ప్యానెల్‌కు స్విచ్చి లేదు, సూర్యుడే దాని స్విచ్చి. ఎండ ఉన్నంతసేపూ దాని తీగల్లో కరెంటు ఉన్నట్టే. పని చేయాల్సి వస్తే పొద్దుగూకాక చేయించండి, లేదా మందపాటి దుప్పటి కప్పండి. కలిపేటప్పుడు కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ. ఈ వరస తప్పితే చాలా కంట్రోలర్లు చెడిపోతాయి. నేను దీన్ని కంట్రోలర్ డబ్బా మీదే స్కెచ్ పెన్నుతో రాసిపెట్టమని చెబుతుంటాను.

మిక్సీ పెట్టేముందు

బల్బులూ ఫ్యానూ వచ్చాక ఆడవాళ్లం ఊరుకుంటామా? చెనిక్కాయల చట్నీ రోట్లో ఎంతకని నూరాలి? చిన్న ఇన్వర్టర్ ఒకటి తగిలిస్తే మిక్సీ తిరుగుతుందంటారు. తిరుగుతుంది. కానీ లెక్క చూడండి. 500 వాట్ల మిక్సీకి పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి 42 ఆంపియర్లు కావాలి. ఇన్వర్టర్ మధ్యలో తినేది కూడా కలిపితే దాదాపు 50. తిరగడం మొదలైన క్షణంలో ఇంకా ఎక్కువ. ఫ్యాను కోసం వేసిన నాలుగు మిల్లీమీటర్ల తీగకు ఇన్వర్టర్ కూడా తగిలిస్తే అది కాగడా అవుతుంది.

ఇన్వర్టర్ బ్యాటరీ పక్కనే, ఒక మీటరు లోపలే ఉండాలి. మధ్యలో కేబుల్ 16 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఇన్వర్టర్‌తో పాటు వచ్చిన కేబుల్‌ను మధ్యలో అతికి పొడిగించొద్దు. మిక్సీ వైరు ఎంత దూరమైనా పోనివ్వండి, అటువైపు 230 వోల్టులు కాబట్టి ఆంపియర్లు తక్కువ. అయితే అటువైపు షాక్ మామూలు కరెంటు లాంటిదే, తడిచేతుల జాగ్రత్తలు అన్నీ వర్తిస్తాయి. ఇన్వర్టర్‌కు విడిగా దాని పుస్తకంలో రాసిన సైజు ఫ్యూజు పెట్టించండి. 100 వాట్ల ప్యానెల్ ఉన్నవాళ్లకు ఒక్క మాట: పది నిమిషాలు మిక్సీ తిప్పితే ఫ్యాను మూడు గంటలు తిరిగే కరెంటు ఖర్చవుతుంది. అక్క ఆ మాట విని రోలే మేలంది.

ఇంట్లో పన్నెండు వోల్టులవీ 230 వోల్టులవీ రెండూ ఉంటే ప్లగ్గులు ఒకేరకంవి పెట్టనివ్వకండి. పండక్కి వచ్చిన పిల్లలు దేన్ని దేంట్లో పెడతారో ఎవరికి తెలుసు?

అతుకులు, ఆవిర్లు, నేల

నిప్పు ఎక్కువగా పుట్టేది తీగ మధ్యలో కాదు, అతుకు దగ్గర. రెండు కొసలు మెలిపెట్టి పైన నల్ల టేపు చుట్టే పద్ధతి మన ఎండలకు పనికిరాదు. జిగురు కరిగి టేపు జారిపోతుంది, మెలిక వదులవుతుంది. అతుకు తప్పనిచోట స్క్రూ కనెక్టర్, బ్యాటరీ మొనల దగ్గర తీగ కొసకు నొక్కి బిగించిన లగ్గు ఉండాలి. తీగను మొనకు ఊరికే చుట్టి వదిలేస్తే ఒప్పుకోకండి. ఎప్పుడైనా ఫ్యాను, బల్బులు ఓ గంట నడిచాక స్విచ్చి ఆపేసి, చేతి వెనక భాగంతో అతుకుల దగ్గర తొడుగు తాకి చూడండి. ఇది పన్నెండు వోల్టుల వైపు మాత్రమే సుమా! మిగతా తీగకంటే అతుకు వేడిగా ఉంటే అది వదులైందన్నమాట.

నీళ్లు పోసే రకం బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. అది అంటుకునే గాలి. పొయ్యి దగ్గరా, దేవుడి గూటి కిందా, మంచం పక్కనా పెట్టకూడదు. గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా, చెక్కపలక మీద పెట్టి, మొనల మీద మూతలు వేయించండి.

ప్యానెల్ చట్రానికి ఎర్తు కావాలి. మన నేల సంగతి తెలిసిందే, వేసవికి బీటలు వారి ఎండిపోతుంది. ఎండిన నేల ఎర్తుగా పనికిరాదు. గుంటలో బొగ్గు, ఉప్పు వేసి కడ్డీ పాతించి, వేసవిలో వారానికోసారి బిందెడు నీళ్లు పోయండి. స్నానాల నీళ్లు పోయే చోటు దగ్గరే పాతిస్తే ఆ శ్రమా ఉండదు.

అక్షరాలు రాకపోయినా

'ఇవన్నీ మాకెక్కడ తెలుస్తాయి' అనేవాళ్లకు రాజస్థాన్‌లోని తిలోనియా గురించి చెప్పాలి. 1972లో బంకర్ రాయ్ మొదలుపెట్టిన బేర్‌ఫుట్ కాలేజీ అక్కడుంది. చదువురాని పల్లెటూరి ఆడవాళ్లకు, అందులోనూ అమ్మమ్మలకు, సోలార్ దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్పుతారు. ఆఫ్రికా దేశాల నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి నేర్చుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా రంగులతో, సైగలతో పాఠం నడుస్తుంది. ఎర్ర ఫ్యూజు, పసుపు ఫ్యూజు గుర్తుపెట్టుకోవడం మనకేమంత కష్టం?

మన ఓర్వకల్లునే చూడండి. 1990ల మధ్యలో పొదుపు సంఘాలు పెట్టుకున్న అక్కడి ఆడవాళ్లు బ్యాంకుల్నే తమ దగ్గరికి రప్పించుకున్నారు. నాకో ఆశ ఉంది. ఊరి పొదుపు సంఘం ఒక మల్టీమీటరు కొని ఉంచుకోవాలి. కొన్ని వందల రూపాయలే అవుతుంది. వడ్ల కాటాలాగా ఇంటింటికీ తిప్పుకోవచ్చు. ఫ్యాను తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులో, ఫ్యాను దగ్గర ఎన్ని వోల్టులో చూస్తే చాలు. తేడా అర వోల్టు దాటితే తీగో, అతుకో సరిగా లేదన్నట్టే. ఇక పనివాడితో వాదనే ఉండదు, అంకె చూపిస్తే సరి.

అక్కావాళ్లింట్లో ఇప్పుడు ప్రధాన లైను నాలుగు మిల్లీమీటర్ల తీగ, బ్యాటరీ పక్కనే ఎర్ర ఫ్యూజు. ఫ్యాను పరుపు మీది దుప్పటి ఎగిరేట్టు తిరుగుతోంది. విడి ఫ్యూజులు పోపులపెట్టె పక్కన చిన్న డబ్బాలో పెట్టుకుంది. పోయిన వారం ఒకటి పోయిందని ఫోన్ చేసింది. వెంటనే కొత్తది పెట్టేయకుండా వైరు వెంట వెతుక్కుంటూ వెళ్తే, వసారా చూరు కింద ఉడుత కొరికిన చోటు దొరికిందట. ఆ ముక్క తీసేసి, కొత్త వైరు వేయించి, పైపు తొడిగించాకే ఫ్యూజు పెట్టింది. డబ్బాలో ఇంకా రెండే ఉన్నాయట. ఈసారి కర్నూలు నుంచి వచ్చేటప్పుడు నాలుగు తెమ్మంది. "ఎర్రవేమే, మరిచిపోయి పచ్చవి తెచ్చేవు" అని రెండుసార్లు చెప్పింది.